ఓడలో అండాలుకు జాగా

నల్లగొండలో ఒక ట్రావెల్స్ ఆఫీసు. బల్ల మీద ఓడ పటం పరిచి ఉంది. బల్లకు అటు ఆఫీసు నడిపే శ్రవణ్‌కుమార్, ఇటు అతని స్నేహితుడు మహేశ్ భార్య శ్రీలత. మహేశ్ తల్లి మల్లమ్మ ఎదురు దుకాణంలో సోడా తాగుతోంది.

"మా అత్తమ్మ మీద నాకు వేరే ఏం ఫిర్యాదు లేదు శ్రవణ్. ఒక్కటే. ఆమె ఎన్నడూ తప్పు చెయ్యది."

"మంచిదే గద వదినా."

"ఏం మంచిది. ఇంట్ల రోజుకో తప్పు జరుగుతనే ఉంటది. పాలు పొంగుతయి, దారం తెగుతది, బస్సు ఎల్లిపోతది. చేసినోళ్లు ఎవరో ఒకరు ఉండాలె గదా. ఆమె చెయ్యది. మా మామయ్య పొద్దంత మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని కూసుంటడు, తప్పు చేద్దామన్నా ఆయనకు మోక లేదు. మీ దోస్తు పొద్దుగాలనే షాపుకు పోతడు. ఇగ మిగిలింది ఎవలు?"

"నువ్వే."

"మొన్న మా ఊరు గట్టుప్పల్ మొత్తానికి కరెంటు పోయింది. నేను మిక్సీ పెట్టినందుకే పోయిందట."

"పెట్టినవా మరి?"

"పెట్టిన."

"అగో."

"నువ్వు గూడ గట్లనే అంటున్నవా. సరే, ఆమె వచ్చేలోపల ఒక ముచ్చట జెప్పి పెడ్త, తర్వాత నువ్వు పరేషాన్ కావొద్దు. రూములు రెండు గదా. ఒకటి అత్తమ్మకు, నాకు. ఇంకోటి మా చిన్నత్తమ్మ అండాలుకు, ఆమె కోడలు మంజులకు."

"తెల్సు వదినా. రంగుల కంపెనోళ్లు మీ చీరల షాపుకు ఇనాం ఇచ్చిండ్రు, బొంబాయి కాడికెళ్లి గోవా, లక్షద్వీపు ఓడ ప్రయాణం, సూట్లు అనే రెండు పెద్ద రూములు. మహేశ్, చిన్నమ్మ కొడుకు దివాకర్ ఇద్దరు వచ్చి చెప్పిండ్రు. మేం పోము, మా తల్లులను తోలుతం అన్నరు. నాకైతే మస్తు అనిపిచ్చింది."

"వాళ్లకు గూడ మస్తే అనిపిచ్చింది. వాళ్లు ఇంటి కాడ ఉంటరు. మేము కోడండ్లం నడి సముద్రంల ఇద్దరి నడుమ ఉంటం. ఆ ఇద్దరికి మాటల్లేవు, తెల్సా?"

"తోడికోడండ్లకు మాటల్లేవా? మహేశ్ ఎన్నడూ చెప్పలే."

"మీ దోస్తు చెప్పడు. తాతల నాటి పెద్దిల్లు మాది. అన్నదమ్ములు రెండు పాళ్లు చేసుకున్నప్పుడు నడుమ గోడ పెట్టిండ్రు, గోడల ఒక దర్వాజ ఉంచుకున్నరు, ఇటు అటు తిరగనీకి. బానే నడిచింది. తర్వాత మా అత్తమ్మోళ్ల అత్త రాట్నం కనవడకుంట పోయింది. కండెలు చుట్టే రాట్నం. పాతది, మంచి కట్టె, ఇత్తడి పూలు ఉంటయి దానికి. ఇల్లంత దేవులాడి, ఇగ దర్వాజల కెళ్లి అండాలే తీస్కపోయింది అన్నది అత్తమ్మ. వాడకట్టు నడుమ నిలవడి అన్నది. మర్నాడు మేస్త్రీని పిలిచి దర్వాజ ఇటికెలతోని మూపిచ్చింది. అప్పటికెళ్లి మాటల్లేవు."

"చిన్నమ్మనే తీసిందా మరి?"

"ఆగు, వస్తాంది. రండ్రి అత్తమ్మా, గిట్ల ఫ్యాను కింద కూసోండ్రి."

"ఫ్యాను కింద నాకు పడది, నువ్వు కూసో. శ్రవణూ, నీ దుకాణం ఎదురుంగ సోడా ఉప్పగున్నది. ముందుగాల చెప్పొద్దా?"

"తప్పయింది పెద్దమ్మా."

"చూసినవా శ్రవణ్, నీకు గూడ అంటింది."

"ఏం అంటింది శ్రీలతా?"

"సోడా అత్తమ్మా, చొక్కాకు. సరే, ఇదిగో, ఇదే ఓడ."

"గిదా ఓడ? చేప ముల్లు లెక్కుంది."

"పైకెళ్లి చూసినట్టు గీసిండ్రు పెద్దమ్మా. నడుమ ఉన్నది తోవ, ఇటు అటు ఉన్నయి రూములు. కంపెనోళ్లు ఏ రూము కావాల్నో మనల్నే ఏరుకోమన్నరు. ఇయ్యాల మాపటిలోపల చెప్పాలె. చెప్పకపోతే ఏది మిగిలితే అది మనకు పడేస్తరు. ఓడల రూము కంటె జాగానే ముఖ్యం. అదే పరుపు, అదే పళ్లెం, గని ఒక కాడ నిద్ర పడ్తది, ఒక కాడ పట్టది."

"అయితే మొదలు నాది తేల్చు. దర్వాజ ఏ ముఖాన ఉంటది?"

"ఓడ తిరుగుతనే ఉంటది పెద్దమ్మా. పొద్దుగాల తూర్పు ముఖం ఉన్నది మాపటికి పడమర ముఖం అయితది."

"మరి వాస్తు?"

"వాస్తు లేదు పెద్దమ్మా. ఇంజనే ఉంటది."

"గట్లయితే పండుకున్నప్పుడు తల ఏ దిక్కు పెట్టాలె?"

"దిండు ఉన్న దిక్కు పెట్టుండ్రి అత్తమ్మా."

"నిన్ను అడగలే. సముద్రం కనవడాలె శ్రవణూ. అంత దూరం పోయి నీళ్లు చూడకుంట వస్తే ఊర్ల ఏం జెప్పాలె? గని మరీ దగ్గర వద్దు. చీర మీద పడొద్దు."

"అయితే ఇదిగో, సరిగ్గ నడిమిట్ల, ఈ అంతస్తుల. పైన రూములే, కింద రూములే. డాన్సుల సప్పుడు రాదు, ఇంజను అదురు రాదు, ఊపు తక్కువ. బస్సుల నడిమి సీటు లెక్క. ముందట చిన్న అరుగు, రెండు కుర్సీలు. కూసొని సముద్రం చూస్కుంట చాయ్ తాగుండ్రి."

"చక్కెర తక్కువ ఉండాలె."

"చక్కెర మీరే వేస్కుంటరు."

"గిది నాకు పెట్టు. ఇగ లేద్దమా శ్రీలతా? మూడింటి బస్సు దొరుకుతది."

"చిన్నత్తమ్మది తేలలే గదా."

"ఎవలు?"

"చిన్నత్తమ్మ."

"ఆమెకు ఆమె కోడలు లేదా? మంజుల వచ్చి చూస్కోదా?"

"బిడ్డకు జరం, దవాఖానకు పోయింది. మీ కొడుకు, దివాకర్ ఇద్దరు గూడ, రెండు రూములు పెద్దమ్మనే చూడుమను, ఇంటికి పెద్దది ఆమెనే అన్నరు."

"పెద్దరికం ఇయ్యాల యాదికొచ్చిందా వాళ్లకు."

"మరి నన్ను రాసుకోమంటరా పెద్దమ్మా? మీ రూముకు ఆనుకొని ఇంకోటి ఖాళీ ఉంది. అచ్చం అసోంటిదే. రెండిటి నడుమ ఒక దర్వాజ గూడ ఉంది, ఒకే ఇంటోళ్లకు ఇస్తరు అసోంటియి. చిన్నమ్మకు అది పెడితే—"

"కొట్టెయ్."

"ఏంది పెద్దమ్మా?"

"పెన్ను ఉన్నది గదా చేతిల. దాని మీద గీత కొట్టు. ఆఁ, గట్ల. ఓడ ఎంత పొడుగుంటది?"

"చానా ఉంటది పెద్దమ్మా. ఇక్కడికెళ్లి గడియారం సెంటరు దాక అనుకోండ్రి."

"మంచిది. నేను ఈ కొసకు ఉంటే ఆమెను గడియారం కాడ పెట్టు."

"మీరు నడుమ ఉన్నరు పెద్దమ్మా, కొసకు లేరు."

"అయితే ఏ కొస దూరం అయితే ఆ కొసకు పెట్టు. నాకు ఆమె ముఖం కనవడొద్దు, ముక్కు చీదితే ఇనవడొద్దు. ఏమున్నయో చెప్పు."

"ముందర కొసకు ఒకటుంది. కిటికీలు పెద్దయి, ఎదురుంగ సముద్రమే."

"నాకంటె పెద్దయా కిటికీలు?"

"పెద్దయే. గని ఊపు ఎక్కువ. అల వచ్చిందంటే మొదలు ఓడ ముక్కే లేస్తది."

"ఎంత లేస్తది?"

"కడుపుల తిప్పేంత."

"మంచిగైతది, పెట్టు. ఆగు. ఆమె బస్సుల నార్కట్‌పల్లి దాకనే ఆగది, నిమ్మకాయ ముక్కుకు పెట్టుకొని పోతది."

"వద్దా మరి?"

"నాకేంది. కక్కుకుంటే ఆమె కక్కుకుంటది. గని మంజులకు ఏం తెల్సు? సోడా తాపుతది. ఆమెకు సోడా పడది, మజ్జిగల ఉప్పు, చిటికెడు శొంఠి వేసి తాపాలె. ఓడోళ్లకు శొంఠి ఏడ దొరుకుతది? నేనే మూట కట్టుకపోవాలె. ఇగ నేను నడిమికెళ్లి ఆ కొస దాక గిలాస పట్టుకొని ఉరకాల్నా, ఊగే ఓడల? నా మోకాళ్లు ఏం కావాలె? కొట్టెయ్."

"కొట్టేసిన. వెనక కొసకు ఒకటుంది. మూల రూము. అరుగు పెద్దది, రెండు దిక్కులా సముద్రం కనవడ్తది."

"గదే పెట్టు. ఊపు?"

"కొంచెం ఉంటది. కింద ఇంజను గదా, సన్నగ అదురుతది. సప్పుడు."

"మగ్గం సప్పుడంతనా?"

"మగ్గం కాదు పెద్దమ్మా. కరెంటు మగ్గాలు, సాంచెల సప్పుడు అసోంటిది. ధడ్ ధడ్ అని, ఆగకుంట."

"మా మరిది కృష్ణయ్య భీమండిల సాంచెలు నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్నడు. ఇంటికొచ్చినంక ఆమె ఏం చెప్పినా ఆయనకు ఇనవడకపోయేది, ఏం చెప్పినా సరే సరే అనేటోడు. అందుకే ఇద్దరికీ ఎన్నడూ కొట్లాట లేకుండె. పోయిండు పాపం. కొట్టెయ్ గది."

"ఎందుకు పెద్దమ్మా?"

"ధడ్ ధడ్ అంటుంటే ఆమెకు ఆయన యాదికి రాడా? నడి సముద్రంల కూసొని ఏడ్సుకుంట ఉంటది. కంపెనోళ్లు ఇంత పైస పెట్టి తోలేది ఏడ్వనీకా?"

"మీకేంది అత్తమ్మా?"

"నాకేంది. కంపెనోళ్ల పైస అని అంటున్న."

"సరే, మీద అంతస్తుల ఇంకోటి. దాని నెత్తి మీద ఈత కొలను ఉంటది. పొద్దుగాల లేవంగనే నాలుగు మెట్లు ఎక్కి నీళ్లల్ల దిగొచ్చు."

"ఆమె నీళ్లల్ల దిగుతదా? ఊరంత చూడంగ?"

"దిగకున్నా మంచిదే. గని తెల్లారగట్ల పనోళ్లు కొలను చుట్టు కుర్సీలు గుంజుతరు. కిర్ కిర్ మని ఇనవడ్తది కిందికి."

"తెల్లారగట్లనా? వద్దు. తెల్లారగట్లనే ఆమెకు నిద్ర పడ్తది."

"అది మీకెట్ల తెల్సు అత్తమ్మా?"

"ఎట్ల తెల్సు అంటే? గోడ లేదా? మన మగోళ్లు పైసలు మిగుల్తయని అర్ధ ఇటుక గోడ పెట్టిచ్చిరి. ఆమె గోలి మింగి నీళ్లు గుటుక్కుమనిపిచ్చేది గూడ ఇనవడ్తది. రాత్రంత రేడియో పెడ్తది. పాత పాటలు, నడుమ నడుమ ఎరువుల ముచ్చట. తెల్లారగట్ల బంద్ చేస్తది. అప్పుడు నేను పండుకుంట."

"అప్పటిదాక మీరు మేల్కొనే ఉంటరా?"

"రేడియో మోగుతుంటే ఎట్ల పండుకోవాలె?"

"బంద్ చెయ్యిమని చెప్పొచ్చు గదా."

"మాటల్లేవాయె. ఎట్ల చెప్పాలె? నువ్వు గూడ తెలివి తక్కువ మాటలు మాట్లాడ్తవు శ్రీలతా. ఇంటరు చదివిన పిల్ల అని తెచ్చుకున్నం."

"డిగ్రీ అత్తమ్మా."

"అదే మరి. కొట్టెయ్ శ్రవణూ. తర్వాత."

"ఇగ డాన్సు హాలు మీద ఒకటి. ఆట, పాట ఉంటది కింద."

"పోయి దుంకుతది. మోకాళ్ల నొప్పులని డాక్టరు ఎంత మొత్తుకున్నా బతుకమ్మ కాడ ఒక్క సుట్టు ఇడిసిపెట్టలే. తెల్లారి కాళ్లు రొట్టెల లెక్క ఉబ్బినయి. ఇటు కెళ్లి నేను జిల్లేడాకులు—"

"మీరు జిల్లేడాకులు?"

"ఏం లేదు. కొట్టెయ్."

"ఏం లేదంటరేంది అత్తమ్మా, గోడ మీదికెళ్లి పొట్లం ఇసిరింది మీరేనా? పిల్లి పడేసిందని మంజుల చెప్పింది."

"పిల్లే పడేసి ఉంటది. శ్రవణూ, తర్వాత ఏమున్నది?"

"లిఫ్టు పక్కకు ఒకటి. నడవాల్సిన పని ఉండది. కొంచెం వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఎక్కువ."

"అగో, వచ్చేటోళ్లు పోయేటోళ్లు అన్నవా, ఇగ ఆమె రూముల ఉంటదా? గుజరాతోళ్లు కలిసినా, ఢిల్లోళ్లు కలిసినా ముచ్చట పెట్టుకుంట వాళ్లెంబడి లిఫ్టు ఎక్కుతది. దిగినంక రూము దొరకది. నంబర్లు చదవరాదు ఆమెకు. ఇండ్లను గడప చూసి గుర్తు పడ్తది. ఓడల దర్వాజలకు గడపలు ఉంటయా?"

"ఉండయి పెద్దమ్మా. అన్ని ఒక్కతీర్గనే ఉంటయి."

"ఇగ చూడు. తప్పిపోతది. మైకుల పేరు పిలుస్తరు. ఇజ్జత్ పోయేది ఎవలది? మాది."

"కొట్టేసిన పెద్దమ్మా. నాకు జర నీళ్లు తాగాలనుంది."

"తాగు. గీ రూముల ముందట గుండ్రంగ గీసినయి ఏంది?"

"చిన్న పడవలు పెద్దమ్మా. తాళ్లతోని వేలాడగడ్తరు. ఓడకు ఏమన్న అయితే అందుల ఎక్కి బయటవడనీకి. వాటి ఎనుక రూముల్ల ఉన్నోళ్లకు సముద్రం కనవడది, పడవ అడ్డం వస్తది."

"గీ ముచ్చట మొదలు ఎందుకు చెప్పలే? గది నాకు పెట్టు."

"సముద్రం కనవడదు అత్తమ్మా."

"ప్రాణం కనవడ్తది గదా."

"అవి చిన్న రూములు పెద్దమ్మా, మన ఇనాంల రావు. మనకు వచ్చే సూట్లల్ల అన్నీ అయిపోయినయి. ముందర, వెనక, కొలను కింద, డాన్సు మీద, లిఫ్టు పక్క. అన్నీ కొట్టేసినరు."

"నేను కొట్టేసిన్నా? నువ్వు కొట్టేసినవు. పెన్ను ఎవల చేతిల ఉన్నది?"

"నా చేతిలనే."

"మరి. ఇగ ఏం మిగల్లేదా?"

"మొదలు కొట్టేసింది ఒకటి ఉంది. మీ పక్కది."

"అత్తమ్మా, మూడింటి బస్సు పోయింది, అయిదింటిది ఉంది. ఆలోచన చెయ్యుండ్రి."

"ఆలోచన ఏముంది. ఆ నడిమి దర్వాజ తీసేపియ్యరాదా?"

"తియ్యరు పెద్దమ్మా. గని భయం లేదు. నడుమ గోడ గూడ మందంగ ఉంటది. దర్వాజకు రెండు దిక్కులా గొళ్లెం ఉంటది. మీ దిక్కు ఒకటి, వాళ్ల దిక్కు ఒకటి. రెండూ తీస్తెనే తెరుచుకుంటది."

"నేను తీసి ఆమె తియ్యకపోతే?"

"తెరుచుకోదు."

"ఆమె తీసి నేను తియ్యకపోతే?"

"అప్పుడు గూడ తెరుచుకోదు."

"గీ తెలివి మన మేస్త్రీకి లేకపాయె."

"మేస్త్రీకి తెలివి లేక కాదు అత్తమ్మా. ఆయన దర్వాజ పెట్టే పోయిండు. ఇటికెలు పెట్టుమన్నది మీరు."

"నిన్ను అడిగిన్నా?"

"అడగలే. దసరకు అటక దులిపినప్పటికెళ్లి నేను గూడ మిమ్మల్ని ఏం అడగలే. చెప్పొద్దన్నరు, చెప్పలే. గని—"

"శ్రవణూ, ఓడల అటక ఉంటదా?"

"ఉండది పెద్దమ్మా."

"ఇన్నవా శ్రీలతా. అటక లేదట. ఆ ముచ్చట బంద్. శ్రవణూ, ఆ పక్క రూమే ఆమెకు రాయి. ఇంకెక్కడ జాగా లేకనే రాసిండ్రని గూడ పక్కకు రాయి."

"అట్ల రాయనీకి జాగా లేదు పెద్దమ్మా. అయినా చిన్నమ్మను ఒక్క మాట అడగాలె. ఆమె ఊఁ అంటెనే పేరు ఎక్కిస్త. ఫోన్ చేస్తున్న. స్పీకరు పెడ్త, మీరు గూడ ఇనొచ్చు."

"నేను ఇనను. పెట్టు."

"హలో, చిన్నమ్మా. నేను, శ్రవణ్‌కుమార్‌ను, ట్రావెల్స్ కాడికెళ్లి. ఓడ గురించి."

"చెప్పు కొడుకా. మునిగిందా?"

"ఇంక ఎక్కలే గద చిన్నమ్మా."

"అట్లనా. పక్కకు ఎవలు? కుర్సీ కిర్రుమంటాంది."

"పెద్దమ్మ, శ్రీలత వదిన."

"ఎవలు పెద్దమ్మ?"

"మల్లమ్మ పెద్దమ్మ."

"ఓహో. ఎట్లున్నదో అడుగు కొడుకా. పొద్దుగాల రెండు సార్లు దగ్గింది."

"పెద్దమ్మా, ఎట్లున్నరని—"

"నా దగ్గు నా ఇష్టం అని చెప్పు శ్రవణూ. ఆమెకు రూముల ముచ్చట చెప్పు."

"చిన్నమ్మా, ముందర కొసకు ఊపు ఎక్కువ, వెనక సప్పుడు ఎక్కువ. అన్నీ చూసినం. నడిమిట్ల పక్కపక్కకు రెండున్నయి, మంచియి. ఒకటి పెద్దమ్మోళ్లకు, ఒకటి మీకు. నడుమ దర్వాజ ఉంటది."

"దర్వాజనా?"

"అవును."

"వద్దు కొడుకా."

"గొళ్లెం ఉంటది చిన్నమ్మా, రెండు దిక్కులా—"

"గొళ్లెం ఉన్నా వద్దు. దర్వాజ ఉంటే సామాన్లు పోతయి. వాళ్ల దిక్కు దువ్వెన కనవడకపోయినా, చెంచా కనవడకపోయినా నా పేరే వస్తది. ఇంటి కాడ అంటే ముఖం దాసుకోనీకి నా ఇల్లు నాకుండె. గక్కడ సుట్టు నీళ్లు, ఏడికి పోవాలె నేను? నన్ను ముందర కొసకు పెట్టు. కక్కుకుంట పోత గని దొంగ అనిపిచ్చుకొని పోను. అట్ల కాదంటే నేను రానే రాను, దివాకర్‌కు నేనే చెప్పుకుంట."

"పెద్దమ్మా, ఇన్నరు గదా. ఏం చెయ్యాలె?"

"నాకేంది."

"చిన్నత్తమ్మ రానంటాంది అత్తమ్మా."

"ఇన్న. నాకేం చెవుడు లేదు. శ్రవణూ, ఆమెకు చెప్పు. రాట్నం దొరికిందని చెప్పు."

"చిన్నమ్మా, రాట్నం—"

"ఇనవడ్డది కొడుకా. ఏడ దొరికిందో అడుగు."

"పెద్దమ్మా, ఏడ—"

"అటక మీద."

"ఎవలి అటక మీద కొడుకా?"

"అటక అంటే అటకనే. అటకలు ఎన్నున్నయి?"

"మా దిక్కు ఒకటుంది, వాళ్ల దిక్కు ఒకటుంది. అందుకే అడుగుతున్న."

"మా అటక. పాత పరుపు కింద. ఎలుకలు కొరుకుతయని నేనే పెట్టిన. పెట్టింది మర్సిపోయిన. ఏం, మనిషి మర్సిపోదా? దసరకు ఇల్లు దులుపుతుంటే దొరికింది. అయిపాయె."

"నాకు తెల్సు అక్కా."

"ఏం తెల్సు?"

"అర్ధ ఇటుక గోడ గదా. దసరకు అటక మీద నువ్వు పరుపు లేపినవు, తుమ్మినవు, 'అయ్యో శ్రీలతా, గిది గిక్కడనే ఉన్నదే, ఎవలకు చెప్పకే' అన్నవు. తర్వాత కర్రుకర్రున తిప్పి చూసినవు. మన అత్త రాట్నం సప్పుడు నాకు తెల్వదా? నేను గోడకు ఇటు కూసొని ఇన్న."

"తెలిసి ఇన్నొద్దులు ఎందుకు అడగలే?"

"నువ్వే చెప్తవని చూసిన. దీపావళి పాయె, శివరాత్రి పాయె, ఉగాది పాయె. టీవీల సీరియల్ గూడ ఇంత సాగది అక్కా. పచ్చడి గోడ మీద పెట్టినవు, గిన్నె కింద చిట్టీ ఏమన్న ఉన్నదా అని చూసిన. పచ్చడే ఉండె."

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది."

"నీకు ఎప్పుడు ఎక్కువే అయితది. రాత్రంత రేడియో పెట్టి నిద్ర పాడు చేస్తవు, పొద్దుగాల ఉప్పెక్కువంటవు."

"రేడియో నా కోసం పెడ్తున్ననా? నువ్వు నిద్ర పట్టక అటు ఇటు పొర్లుతుంటవు, మంచం కిర్రుకిర్రుమంటది. ఒక్కదానివే మేల్కొని ఉన్నవు, ఏదన్న పాటన్న ఇనవడని అని పెడ్తున్న. లేకపోతే నాకేం పని ఎరువుల ముచ్చటతోని?"

"నీ రేడియోకే నేను పండుకుంటలేను."

"నువ్వు పండుకుంటలేవనే నేను రేడియో పెడ్తున్న."

"శ్రవణ్, నువ్వు నీళ్లు తాగు. ఇంక టైం పడ్తది."

"తాగుతున్న వదినా."

"సరే అండాలూ. దొరికిందని చెప్పిన గదా ఇగ. దర్వాజ ఉన్న రూమే రాసుకొమ్మంటున్న."

"దొరికిందన్నవు. గది రాట్నం ముచ్చట. నా ముచ్చట చెప్పు."

"నీ ముచ్చట ఇంటికొచ్చి చెప్త. ఇక్కడ మంది ఉన్నరు."

"ఆనాడు గూడ మంది ఉండిరి అక్కా. వాడకట్టంత ఉండె."

"బయట సోడా దుకాణమోడు గూడ ఇటే చూస్తాండు."

"ఇననియ్యండ్రి అత్తమ్మా. సోడా ఉప్పగ చేసింది ఆయననే గదా."

"నువ్వు ఊకో. అండాలూ, ఉన్నవా?"

"ఉన్న."

"అదే... తప్పు... జరిగింది."

"ఎట్ల జరిగింది? మిక్సీ పెడ్తే జరిగిందా?"

"అది గూడ ఇన్నవా?"

"అన్నీ ఇంట అక్కా. ఒక్క మాటనే ఇంక ఇనలే."

"నాతోటి... నా దిక్కే..."

"ఇనవడ్తలేదు. గట్టిగ చెప్పు."

"గోడ అవుతలికెళ్లి అటక మీది తుమ్ము ఇనవడ్డది, ఫోనుల గిది ఇనవడ్తలేదా?"

"గోడల మంచిగ ఇనవడ్తది అక్కా. ఫోనుల తక్కువ."

"ఫోను ఇటు తే శ్రవణూ, నోటి కాడ పెట్టు. అండాలూ, ఇను, రెండోసారి చెప్పను. రాట్నం నువ్వు తియ్యలే. వాడకట్టుల నిన్ను దొంగ అన్నది నేను, దర్వాజ మూపిచ్చింది నేను, దొరికినంక నోరు మూసుకున్నది గూడ నేనే. శొంఠి నేను తెస్త, రేడియో నువ్వు తే, నా దిక్కు గొళ్లెం తీసే ఉంచుత. తప్పు నాది, అండాలూ. తప్పు నాదే."